నాలుగో దాసుడెక్కడ?

మా పెదనాయన చదువు మూడో తరగతితో సరి. అయినా తలాంతుల ఉపమానం మీద ఆయన చేసినంత సూటి విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "అయిదు తీసుకున్నోడు గెలిచినాడు. రెండు తీసుకున్నోడు గెలిచినాడు. ఒకటి తీసుకున్నోడు పూడ్చిపెట్టినాడు. యాపారంలోకి దిగి పోగొట్టుకున్నోడు యాడున్నాడ్రా ఈ కతలో?" అని ఒక సాయంత్రం లైన్ల అరుగుమీద కూచుని నన్నడిగినాడు.

అడగడానికి ఆయనకు కారణం ఉంది. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. లెక్కలు తేలాక చేతికొచ్చిన సొమ్ములో సగానికి పైగా పెదనాయన ఒక ఫైనాన్సువాళ్ళ చేతిలో పెట్టినాడు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ ఆఫీసుకు తాళం పడింది. ఆ ఫైనాన్సును మా వాళ్ళకు పరిచయం చేసిన మనిషి ఒక బోధకుడు. ఆయన పేరూ ఊరూ ఇక్కడ అనవసరం. ఆయన వాడిన ఆయుధం మాత్రం అవసరం: మత్తయి సువార్త 25వ అధ్యాయం. విశ్వాసముంటే అడుగు వేస్తావు, లేకుంటే పూడ్చిపెడతావు, పూడ్చిపెట్టినవాడికి చీకటి. ఇంతే ప్రసంగం. మా నాయన ఆ మాట విని కూడా తన డబ్బు పోస్టాఫీసులో వేసుకున్నాడు. ఆ రెండేళ్ళూ సంఘంలో ఆయనకు 'ఒక తలాంతువాడు' అని పేరు. ఫైనాన్సు మూతపడిన మర్నాటినుంచి వివేకవంతుడని పేరు. కథ మారలేదు, చదివే వరస మారింది.

నేను పాస్టరును కాను. బళ్ళో కన్నడంలో చదివి, తెలుగక్షరాలు బైబిలులోనూ కీర్తనల పుస్తకంలోనూ కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. మన పత్రిక పాఠకుల్లో చాలామంది అట్లాంటివారే ఉంటారని నా అనుమానం. అంచేత కథను కథగా, మాటను మాటగా చదవడమే నాకు చేతనైన పని. పెదనాయన ప్రశ్నకు జవాబు కథలోనే దొరుకుతుందేమోనని చాలా ఏళ్ళుగా వెతుకుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. తలాంతు అంటే నాణెం కాదు, తూకం. వెండి తలాంతు సుమారు 6000 దేనారాలకు సమానం. అదే సువార్తలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. అక్కడ ఒక రోజు కూలి ఒక దేనారం. అంటే ఒక తలాంతు 6000 రోజుల కూలి. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే ఇరవై ఏళ్ళ కూలి. అయిదు తలాంతులంటే నూరేళ్ళ కష్టం. పాపం ఒక్కటే ఇచ్చారు అని మూడోవాణ్ణి చూసి జాలిపడే ప్రసంగాలు విన్నాను. ఆ ఒక్కటి మా నాయన గనిలో దిగిన జీవితంలో మూడింట రెండు వంతులు.

తరువాత మాట. ఇంగ్లీషులో ప్రతిభకు వాడే టాలెంటు అన్న మాట ఈ కథనుంచి పుట్టిందే. మన సంఘాల్లో కూడా తలాంతంటే పాట పాడడం, హార్మోనియం వాయించడం. తమిళంలో తాలందు, కన్నడంలో తలాంతు; మా ఊళ్ళో మూడు భాషల గుళ్ళలోనూ ఇదే గతి. టాలెంటూ తలాంతూ ఒకే ఇంటి పిల్లలని తెలియకుండానే రెంటినీ పక్కపక్కన వాడేస్తున్నాం. పెద్దవాళ్ళు కూడా ఈ దారినే నడిచారు. మిల్టను చూపు పోయిన బాధలో రాసిన పద్యంలో తన కవిత్వాన్ని ఆ పూడ్చిన సొమ్ముతో పోల్చుకున్నాడు. దానివల్ల మంచి పద్యం వచ్చింది, కాదనను. కాని డబ్బు ప్రతిభగా మారగానే కథలోని భయం సగం ఆవిరైపోతుంది. పాట పాడితే గొంతు తరగదు. డబ్బు పెట్టుబడి పెడితే పోవచ్చు. ఆ పోవచ్చు అన్నది లేకపోతే మూడోవాడి కథే లేదు.

ఇక ఆ మూడోవాడు చేసిన పని. మాది భూమిలో ఉన్నదాన్ని తవ్వి పైకి తెచ్చే ఊరు. పూడ్చిపెట్టినవాడి కథ మా దగ్గర చెబితే కొంచెం నవ్వొస్తుంది. కాని ఆ కాలపు ఆ దేశంలో అది నవ్వే పని కాదు. యూదుల తాల్ముదులో బాబా మెసియా అనే భాగం ఉంది. ఒకరి సొమ్ము మరొకరు దాచే నియమాల చర్చ అందులో వస్తుంది. డబ్బుకు భూమిని మించిన కాపుదల లేదని షమూయేలు అనే పండితుడి తీర్పు అక్కడ నమోదై ఉంది. ఆయన యేసు తరవాతి కాలంవాడే గాని, ఆ అలవాటు మాత్రం పాతది. పూడ్చినవాడు ఊరందరూ మెచ్చుకునే పని చేశాడన్నమాట. లూకా చెప్పిన పాఠంలో సొమ్ము చిన్నది, మినా, తలాంతులో అరవయ్యో వంతు. అక్కడి దాసుడు దాన్ని రుమాల్లో చుట్టి ఉంచాడు. వాడిది అజాగ్రత్త. మత్తయి మూడోవాడిది పూర్తి జాగ్రత్త. అంచేత ఈ కథ విన్న మొదటి శ్రోతలు వాణ్ణి చూసి తల ఊపి ఉంటారు, యజమాని కోపం చూసి ఉలిక్కిపడి ఉంటారు. మనం రెండువేల ఏళ్ళు విని విని ఆ ఉలికిపాటు పోగొట్టుకున్నాం.

బోధకుడు దాటవేసిన చోటు ఒకటుంది. యజమాని మూడోవాణ్ణి కోప్పడుతూ, కనీసం సాహుకార్ల దగ్గర వేసి ఉంటే వడ్డీతో తీసుకునేవాణ్ణి గదా అంటాడు. ఇది చిన్న మాట కాదు. సాహసం చెయ్యనివాడికి కూడా కథలో ఒక దారి తెరిచే ఉందని దీని అర్థం. మా నాయన పోస్టాఫీసు పాసుబుక్కు కచ్చితంగా ఈ వాక్యం కిందికి వస్తుంది. యజమాని కోపం తక్కువ లాభానికి కాదు. రెండు తెచ్చినవాడికీ అయిదు తెచ్చినవాడికీ ఒకే మెప్పు, ఒకే మాటల్లో ఇచ్చిన మనిషి లాభాల తేడా చూసేవాడు కాడు.

మత్తయి పొందిక కూడా చూడాలి. తలాంతుల కథకు సరిగ్గా ముందు పదిమంది కన్యకల కథ పెట్టాడు. అందులో బుద్ధిగలవాళ్ళు సిద్దెల్లో నూనె మిగుల్చుకున్నవాళ్ళు. అడిగినవాళ్ళకు ఇవ్వలేదు కూడా. దాచుకున్నవాళ్ళు లోపలికి, దాచుకోనివాళ్ళు బయట. పేజీ తిప్పకుండానే తరవాతి కథలో దాచుకున్నవాడు బయట! ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినవాడు చెయ్యి జారి పెట్టాడని నేననుకోను. లూకా 14లో మరో జంట: గోపురం కట్టబోయేవాడు ముందు కూచుని ఖర్చు లెక్క వేసుకోవాలి, పదివేలమందితో ఇరవైవేలమంది మీదికి పోయే రాజు ముందు ఆలోచన చెయ్యాలి. ఎంత జాగ్రత్త! ఆ వెంటనే వచ్చే మాట, ఉన్నదంతా విడవనివాడు శిష్యుడు కాలేడని. అంటే లెక్క వెయ్యమన్నది ఖర్చు తగ్గించుకోవడానికి కాదు, ఖర్చు మొత్తమని తెలిసి దిగడానికి. వివేకానికో వాక్యం, సాహసానికో వాక్యం కత్తిరించుకునే బోధకులకు సువార్తలు చాలా సౌకర్యంగా ఉంటాయి. కలిపి చదివితే అంత సౌకర్యం ఉండదు.

మరి దాచడం ఒకచోట మెప్పు, ఒకచోట తప్పు ఎందుకైంది? మూడోవాడి ప్రసంగంలో నాకు జవాబు కనబడింది. ముగ్గురిలోనూ ఎక్కువ మాట్లాడినవాడు వాడే. మొదటి ఇద్దరూ లెక్క అప్పగించి ఊరుకున్నారు. వీడు మాత్రం ముందు యజమాని గుణం వర్ణించాడు: కఠినుడివి, విత్తని పొలం కోసుకునేవాడివి. తరవాత తన భయం చెప్పుకున్నాడు. తరవాత సొమ్ము. యజమానిని గురించి వాడి మనసులో ఒక బొమ్మ ఉంది. చేసిన పని ఆ బొమ్మకు తగినట్టే ఉంది. కన్యకలు నూనె దాచింది పెళ్ళికొడుకు వస్తాడని నమ్మి. వీడు డబ్బు దాచింది యజమాని వస్తాడని భయపడి. చేతులు చేసిన పని ఒకటే.

ఇక్కడ మన తెలుగు ఒక మేలు చేసింది, ఒక కీడు చేసింది. మేలు 'నమ్మకమైన' అన్న మాట. మెప్పు పొందిన ఇద్దరికీ తెలుగు బైబిలు వాడే విశేషణం ఇది. నమ్మకం మన భాషలో రెండువైపులా నడిచే మాట: నమ్మేవాడిలో ఉండేదీ నమ్మకమే, నమ్మదగినవాడిలో ఉండేదీ నమ్మకమే. గ్రీకు మూలంలోని పిస్తోస్ అనే మాటా అట్లాంటిదే. నమ్మి సొమ్మిచ్చిన యజమానిని వాళ్ళు తిరిగి నమ్మారు. ఇరవై ఏళ్ళ కూలి చేతిలో పోసి దూరదేశం పోయిన మనిషి తనను నమ్మాడన్న సంగతే మూడోవాడికి తోచలేదు. కీడు 'సోమరి' అన్న మాట. మూలంలో ఉన్నది ఒక్నేరోస్. దానికి బద్ధకస్తుడనే అర్థం ఉంది. జంకేవాడు, వెనకాడేవాడు అనే అర్థం కూడా ఉంది. భయపడ్డానని స్వయంగా చెప్పుకున్న మనిషికి ఈ రెండో అర్థం ఎంత అతుకుతుందో పాఠకులే చూడవచ్చు. సోమరి అనగానే వాడు చెట్టుకింద పడుకున్నట్టు మనకు తోస్తుంది. భూమిలో గుంత తవ్వడం సోమరి పని కాదు. ఆ మాట మా ఊరివాళ్ళను అడగండి.

ఈ కథను తలకిందులుగా చదివినవారూ ఉన్నారు. 1993లో రిచర్డ్ రోర్‌బా, 1994లో విలియం హెర్జాగ్ అనే పండితులు మూడోవాడే నాయకుడని వాదించారు. పేద రైతు కళ్ళతో చూస్తే సొమ్మును రెట్టింపు చేయడమంటే ఎవరి భూమినో మింగడమే. ఆ పనికి ఒప్పుకోని ధైర్యవంతుడు వీడని వారి మాట. లూకా పాఠంలో రాజ్యం సంపాదించడానికి పోయిన దొరను ప్రజలు అసహ్యించుకున్నారని కూడా ఉంది. క్రీస్తు పూర్వం 4లో అర్కెలాయు రోముకు పోయినప్పుడు అచ్చం అట్లాగే జరిగింది. ఈ వాదం నన్ను లాగుతుంది. జాన్ టేలరు కంపెనీ 1880లో గనులు మొదలుపెట్టిన నాటినుంచి విత్తని చోట కోసుకునే దొరలు ఎవరో మా ముత్తాతలకు తెలుసు. కాని మత్తయి కథలో వాడు ధిక్కరించినట్టు లేదు, దాక్కున్నట్టు ఉంది. ధిక్కరించేవాడు భయపడ్డానని సంజాయిషీ చెప్పుకోడు. అంచేత వారి దొరను ఒప్పుకుంటాను, వారి వీరుణ్ణి ఒప్పుకోలేను.

సరే, పెదనాయన ప్రశ్న. పోగొట్టుకున్నవాడు ఏడి?

నాల్గో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియు ఒక విచిత్రమైన సంగతి చెప్పాడు. హెబ్రీ లిపిలో ఉన్న ఒక సువార్త ఆయన కాలంలో వాడుకలో ఉండేది, అందులో ఈ కథ వేరుగా ఉందట. అక్కడా ముగ్గురే. ఒకడు సొమ్ము పెంచాడు, ఒకడు దాచాడు, ఒకడు వేశ్యలకూ పిల్లనగ్రోవి వాయించే స్త్రీలకూ తగలేశాడు. ఒకరికి మెప్పు, ఒకరికి మందలింపు, ఒకరికి చెర. దాచినవాడికి మందలింపుతో సరిపోయి, తగలేసినవాడికే చెర పడి ఉంటుందేమోనని యూసేబియు అభిప్రాయం. తొలినాళ్ళ క్రైస్తవుల్లో కూడా మూడోవాడికి పడిన శిక్ష ఎవరికో ఎక్కువనిపించిందన్నమాట. అయితే చూడండి, ఇక్కడ కూడా ఉన్నది తగలేసినవాడే. నిజాయితీగా వ్యాపారంలో దిగి నష్టపోయినవాడు లేడు. పెదనాయన ఆ పాఠంలోనూ ఇమడలేదు.

ఆ నాలుగోవాడు సువార్తల్లో లేడు గాని చరిత్రలో ఉన్నాడని, జర్మనీ పాదిరి డీట్రిక్ బాన్‌హోఫర్ గురించి చదివినప్పుడు నాకనిపించింది. హిట్లరు ప్రభుత్వం 1937లో ఆయన నడిపే పాదిరీల పాఠశాల మూయించింది. 1939 జూనులో మిత్రులు ఆయన్ని న్యూయార్కుకు రప్పించారు. అక్కడ ఉద్యోగం, ప్రాణానికి భద్రత, చెయ్యడానికి మంచి పని. వివేకం చెప్పేదంతా అక్కడే ఉండమంది. నెల తిరక్కముందే ఆయన ఓడెక్కి వెనక్కి పోయాడు. ఈ కష్టకాలం తనవాళ్ళతో పంచుకోకపోతే తరవాత వాళ్ళ మధ్య కట్టే పనిలో చెయ్యి వేసే హక్కు తనకుండదని మిత్రుడు రైన్‌హోల్డ్ నీబూరుకు రాశాడు. ఆ రోజుల డైరీలో ఒక చిన్న సంగతి ఉంది. చలికాలం రాకముందే రమ్మని పౌలు తిమోతికి రాసిన మాట ఆయన కంటబడింది. అది పాత ప్రయాణపు కబురేనని ఎరిగి కూడా తనకు చెప్పినట్టు తీసుకున్నాడు. మా బోధకుడు వాక్యాన్ని ఎదుటివాళ్ళ సొమ్ము మీద ప్రయోగించాడు. ఈయన తన మెడమీద ప్రయోగించుకున్నాడు. తేడా అక్కడుంది.

పోయినవాడు గుండె చూపి ఎదురు నిలబడ్డాడా అంటే, లేదు. సైనిక గూఢచారి శాఖలో ఉద్యోగి వేషంలో, రెండు ముఖాలతో, మాటలు తూచి బతికాడు. 1942లో పద్నాలుగుమందిని, ఎక్కువమంది యూదులు, స్విట్జర్లాండుకు దాటించిన పనిలో ఆయన చెయ్యి ఉంది. వాళ్ళ పోషణకు పంపిన డబ్బు లెక్కల ఆరాతోనే పట్టుబడడం మొదలైంది. 1943 ఏప్రిల్ 5న అరెస్టు, 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బుర్గులో ఉరి. వయసు 39. ఆయన చేరిన కుట్ర ఓడిపోయింది. వ్యాపారంలో దిగాడు, మొత్తం పోయింది.

అరెస్టుకు కొద్ది నెలల ముందు, 1942 చివర, పదేళ్ళ అనుభవం మీద మిత్రులకోసం ఒక వ్యాసం రాశాడు. దాని ప్రతి ఒకటి ఇంటి కప్పు దూలాల సందున దాచారు. పూడ్చడం ఎప్పుడూ తప్పేనన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ వ్యాసంలో బుద్ధిమంతులు, సిద్ధాంతవాదులు, మనస్సాక్షినే నమ్ముకున్నవారు, కర్తవ్యపరులు ఎట్లా ఓడిపోయారో ఒక్కొక్కరినే పిలిచి పరీక్షిస్తాడు. ఎవర్నీ ఎగతాళి చెయ్యడు. గెలుపు ఓటములు పట్టనట్టు మాట్లాడే వీరులంటే కూడా ఆయనకు గురి లేదు. ఈ గొడవలోంచి నేను వీరుడిగా ఎట్లా బయటపడతాను అన్నది అసలు ప్రశ్న కాదట. రాబోయే తరం ఎట్లా బతుకుతుంది అన్నది ప్రశ్నట. వివేకాన్నీ సాహసాన్నీ తూచడానికి ఇంతకంటే మంచి తూకపురాయి నేను చూడలేదు. బోధకుడి ఫైనాన్సును ఆ తూకంలో వేస్తే తేలిపోతుంది. అయితే ఆ తూకంలో మా ఇంటినీ వెయ్యాలి గదా.

పోస్టాఫీసు డబ్బు గురించి ఇందాక చెప్పాను. 2002లో మా అక్కకు దూరపు ఊళ్ళో నర్సింగు సీటు వచ్చింది. ఫీజుకు డబ్బుంది. నాయన పంపలేదు. ఉన్న నాలుగు రాళ్ళూ పోతే ఎట్లా, ఆడపిల్ల అంత దూరం పోతే ఎట్లా, మధ్యలో మానేస్తే ఎట్లా. మూడుసార్లు ఎట్లా అన్నాడు, నాకు బాగా జ్ఞాపకం. ఫైనాన్సునుంచి మమ్మల్ని కాపాడిన భయమే అక్క సీటును పూడ్చిపెట్టింది. ఆ డబ్బు పోలేదు, పెరిగింది కూడా, సాహుకారు వడ్డీతో. అక్క ఇరవై ఏళ్ళకు పైగా తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రాత్రికి ఇల్లు చేరుతోంది. ఈ వ్యాసం ముందుగా ఆమెకే చదివి వినిపించాను. బాన్‌హోఫర్ భాగం దగ్గర ఏమీ అనలేదు. కన్యకల దగ్గర మాత్రం, "వాళ్ళ నూనె వాళ్ళ చేతిలో ఉండింది గదా" అంది. అది నాకు తట్టని పాయింటు.

పెదనాయన ప్రశ్నకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పోగొట్టుకున్నవాణ్ణి యజమాని ఏమనేవాడో కథ చెప్పలేదు. కాని ఆ యజమాని లాభాల తేడా చూడనివాడని చెప్పింది. ఈ మాట చెబుదామనుకునేటప్పటికి ఆయన లేడు.

తెలుగు బైబిలు సవరణలు చేసే పెద్దలెవరైనా మన పత్రిక చూస్తుంటే వారికి ఒక మనవి. మత్తయి 25, 26వ వచనం దగ్గరికి వచ్చినప్పుడు ఆ సోమరి అన్న మాటను ఇంకొకసారి చూడండి. మా నాయన సోమరి కాడు. 31 ఏళ్ళు చాంపియన్ రీఫ్సు షాఫ్టులో దిగినవాడు. అక్కడ లోతు మూడు కిలోమీటర్లకు పైన. ఎప్పుడు బండ పగిలి మీద పడుతుందో తెలియని చోటికి రోజూ అన్నం డబ్బా పట్టుకుని పోయినాడు, జంకలేదు. అక్కను రైలెక్కించడానికి జంకినాడు.